ఎముకలు గుల్లబారడం, మోకాలి గుజ్జు అరగడం: కణాల్లో జరిగేదేమిటి, నడక మాన్పించాలా?

పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి ఒకరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. వారి తల్లిగారికి 59 ఏళ్లు. మోకాళ్ల ఎక్స్‌రే చూసిన వైద్యులు గుజ్జు అరిగిపోయిందన్నారు, తరువాత తీయించిన స్కాన్‌లో ఎముకలు గుల్లబారాయని తేలింది. ఈ రెండూ ఒకే జబ్బా, లోపల కణాల్లో ఏం జరిగితే ఇలా అవుతుంది, క్యాల్షియం మాత్రలు వాడితే పోయింది తిరిగి వస్తుందా, నడక మాన్పించి కూర్చోబెట్టాలా అన్నది వారి సందేహం.

ముందుగా సూటి జవాబు. ఇవి రెండు వేర్వేరు జబ్బులు, కానీ రెండింటి మూలంలో ఉన్న దోషం ఒక్కటే: కణజాలాన్ని కూల్చే పనికీ తిరిగి కట్టే పనికీ మధ్య ఉండవలసిన సమతుల్యం తప్పడం. ఎముకలో పోయిన దానిలో కొంత భాగాన్ని సరైన మందులతో తిరిగి రాబట్టుకోవచ్చు. మోకాలి గుజ్జు, అంటే మృదులాస్థి, పోయిన మేరకు తిరిగి రాదు కాబట్టి మిగిలినదాన్ని కాపాడుకోవాలి. క్యాల్షియం అవసరమే గానీ అదొక్కటే చాలదు. నడక మాన్పించవద్దు. గోదావరి జిల్లాల్లో ఎముకల వైద్యుడిగా పనిచేస్తున్న నాకు ఈ నాలుగు విషయాల మీద ఉన్న అనుభవాన్ని, వాటి వెనుక ఉన్న కారణాలను వివరంగా రాస్తాను.

ఎముకను చాలామంది సున్నపు కడ్డీలాగా ఊహించుకుంటారు గానీ అది అనుక్షణం మార్పు చెందే సజీవ కణజాలం. పెద్దవారి అస్థిపంజరంలో ఏటా సుమారు పదో వంతు కూలి మళ్లీ కొత్తగా తయారవుతుంది. ఈ పనిని మూడు రకాల కణాలు చేస్తాయి. పాత ఎముకను ఆమ్లంతో, ఎంజైములతో కరిగించేవి ఆస్టియోక్లాస్టులు. ఆ గుంతలో కొల్లాజెన్ అనే ప్రొటీన్ అల్లిక వేసి, దాని మీద క్యాల్షియం, ఫాస్ఫరస్ చేరేలా చేసేవి ఆస్టియోబ్లాస్టులు. కట్టడం పూర్తయ్యాక అందులోనే ఉండిపోయి, సన్నని తంతువులతో ఒకదానితో ఒకటి కలిసి, ఎక్కడ బరువు పడుతోందో ఎక్కడ పగులు వచ్చిందో కనిపెట్టేవి ఆస్టియోసైట్లు; ఎముకలోని కణాల్లో తొంభై శాతానికి పైగా ఇవే. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో గట్టు బలహీనపడిన చోట పాత మట్టి తవ్వి తీసి, కొత్త మట్టి వేసి దిమ్మిసతో గట్టిపరిచినట్టే ఈ మరమ్మతు కూడా సాగుతుంది. ఇక్కడ గమనించవలసింది కాలవ్యవధి. ఒక చోట కూల్చడం రెండు మూడు వారాల్లో ముగుస్తుంది, అదే చోటును తిరిగి పూడ్చడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అందువల్ల ఒకేసారి ఎక్కువ చోట్ల కూల్చడం మొదలైతే, కట్టే కణాలు ఎంత కష్టపడినా ఆ వేగాన్ని అందుకోలేవు.

మీ తల్లిగారి విషయంలో జరిగింది చాలా వరకు ఇదే అయివుంటుంది. ఆస్టియోబ్లాస్టుల వంశానికి చెందిన కణాలూ ఆస్టియోసైట్లూ ర్యాంక్ లిగాండ్ అనే సంకేత ప్రొటీన్‌ను తయారుచేస్తాయి. అది అందినప్పుడే మజ్జలోని తొలిదశ కణాలు ఒకదానితో ఒకటి కలిసి ఆస్టియోక్లాస్టులుగా మారతాయి. ఆ సంకేతాన్ని మధ్యలోనే పట్టి ఆపేసే ఆస్టియోప్రొటెజెరిన్ అనే మరో ప్రొటీన్ కూడా ఉంటుంది. ఈ రెండింటి నిష్పత్తిని అదుపులో ఉంచే ముఖ్య హార్మోను ఈస్ట్రోజన్. అది కూల్చే కణాల ఆయుష్షును తగ్గిస్తుంది, కట్టే కణాల ఆయుష్షును పెంచుతుంది. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజన్ పడిపోతుంది కాబట్టి ఆ తరువాతి ఐదు నుంచి ఏడేళ్లలో ఎముక నష్టం చాలా వేగంగా జరుగుతుంది. కొందరిలో ఆ కొద్ది కాలంలోనే ఐదో వంతు వరకు పోతుంది. చిన్న వయసులోనే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీయించుకున్న స్త్రీలలో ఈ నష్టం ఇంకా ముందుగా మొదలవుతుంది. మా ప్రాంతంలో అటువంటి ఆపరేషన్ నలభై ఏళ్లకే అయినవారు తరచుగా వస్తుంటారు. అందువల్ల నడుము నొప్పి అని వచ్చిన ప్రతి స్త్రీనీ నెలసరి ఎప్పుడు ఆగింది, ఎలా ఆగింది అని అడగడం నాకు తప్పనిసరి.

ఇప్పుడు నడక సంగతి. ఆస్టియోసైట్లు స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తాయి, అది ఎముక కట్టే పనిని అణచిపెడుతుంది. ఎముక మీద బరువు పడి అది అతి స్వల్పంగా వంగినప్పుడు దానిలోని సూక్ష్మమైన కాలువల్లో ద్రవం కదులుతుంది. ఆ కదలికను ఆస్టియోసైట్లు గుర్తించి స్క్లెరోస్టిన్‌ను తగ్గిస్తాయి, కట్టే పని ఊపందుకుంటుంది. బరువు పడకపోతే దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది. భారరహిత స్థితిలో నెలల తరబడి ఉండే వ్యోమగాములు తుంటి ఎముకలో నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం దాకా కోల్పోతారని కొలతలు చెబుతున్నాయి. మంచానికి పరిమితమైన మనిషిలో కూడా జరిగేది ఆ కోవలోనిదే. మణికట్టు విరిగిన పెద్దావిడను, అది చెయ్యే అయినా, ఇంట్లోవాళ్లు భయంతో రెండు నెలలు మంచం దిగనివ్వని సందర్భాలు నేను చూశాను. చెయ్యి అతుక్కుంటుంది గానీ ఈలోగా తొడ కండరాలు కరిగిపోయి, లేచిన మొదటి వారంలోనే మళ్లీ పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. విశ్రాంతి ఎముకకు మందు కాదు.

గుల్లబారిన ఎముక ఎలా ఉంటుందో నాకు స్పష్టంగా తెలిసేది స్కాన్‌లో కాదు, ఆపరేషన్ బల్ల దగ్గర. యాభై ఏళ్ల రైతు తొడ ఎముకకు రంధ్రం వేస్తున్నప్పుడు డ్రిల్లు బయటి పొరలో ఆగి ఆగి దిగుతుంది, అవతలి పొర దాటేటప్పుడు చేతికి స్పష్టంగా తెలుస్తుంది. డెబ్బై ఏళ్ల ఆవిడ తుంటిలో అదే డ్రిల్లు అడ్డులేకుండా వెళ్లిపోతుంది, స్క్రూ బిగిస్తుంటే పట్టు దొరకక తిరుగుతూనే ఉంటుంది. లోపల ఉండవలసిన సన్నని దూలాల వంటి అల్లికలో చాలా భాగం తెగిపోయి, ఆ ఖాళీలో పసుపుపచ్చని కొవ్వు కనిపిస్తుంది.

ఆ కొవ్వుకు కూడా కణాల్లోనే కారణం ఉంది. మజ్జలోని మూలకణాలు ఆస్టియోబ్లాస్టులుగానూ మారగలవు, కొవ్వు కణాలుగానూ మారగలవు. వయసు పెరిగేకొద్దీ అవి కొవ్వు వైపే ఎక్కువగా మొగ్గుతాయి. దీనికి తోడు కణాల ముసలితనం అనేది ఒకటుంది. సాధారణ మానవ కణాలు పరిమితంగానే విభజన చెందగలవని లెనర్డ్ హేఫ్లిక్ 1961లో చూపించారు. ఆ పరిమితికి చేరిన కణాలూ, డీఎన్ఏ దెబ్బతిన్న కణాలూ విభజన ఆపేసినా వెంటనే చనిపోవు. చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన కణాలను కూడా చెడగొట్టే వాపు రసాయనాలను వదులుతూ అక్కడే ఉండిపోతాయి. ఎముకలోనూ, మృదులాస్థిలోనూ, వెన్నుపూసల మధ్య డిస్కుల్లోనూ వయసుతో ఇవి పేరుకుంటాయి. ఇటువంటి కణాలను ఏరివేసే మందుల మీద పరిశోధన జరుగుతోంది గానీ, మోకాలి అరుగుదలకు అటువంటి ఒక మందును మనుషుల మీద పరీక్షించగా 2020లో వెలువడిన ఫలితాల్లో అది ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా పనిచేయలేదు. కాబట్టి ముసలి కణాలను తొలగిస్తామని ఎవరైనా నేడు ఇంజెక్షను అమ్మజూపితే దయచేసి నమ్మవద్దు.

మధుమేహం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మా దగ్గరకు వచ్చేవారిలో షుగర్ లేని కుటుంబం అరుదుగా కనిపిస్తోంది. రక్తంలో ఎక్కువగా ఉన్న చక్కెర కొల్లాజెన్ పోగులకు అతుక్కుని వాటి మధ్య అసహజమైన బంధాలు ఏర్పరుస్తుంది. దానివల్ల ఎముక పెళుసుబారుతుంది, స్నాయువులు బిగుసుకుపోతాయి, భుజం పట్టేయడం షుగర్ ఉన్నవారిలో ఎక్కువ కావడానికి ఇదొక కారణం. టైప్ 2 మధుమేహం ఉన్నవారికి స్కాన్‌లో సాంద్రత బాగానే ఉన్నట్టు కనిపించినా ఎముక విరిగే ప్రమాదం మామూలు వారికంటే ఎక్కువే. మీ తల్లిగారికి షుగర్ ఉంటే ఆ రిపోర్టును ఈ సంగతి దృష్టిలో ఉంచుకుని చూడాలి.

అన్నిటికంటే నన్ను బాధించే కారణం స్టెరాయిడ్లు. ఉబ్బసానికీ, కీళ్లవాతానికీ వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చే స్టెరాయిడ్ల గురించి కాదు నేను చెబుతున్నది. అవి ప్రాణాలు నిలబెట్టే మందులు, వాటిని సొంతంగా ఆపడం ప్రమాదం కూడా. ఊళ్లలో పొట్లాల్లో కట్టి ఇచ్చే పేరులేని మాత్రలు, ఆయుర్వేదమని చెప్పి అమ్మే నొప్పుల పొడులు, ఊడ్పుల రోజుల్లో ఒంటి నొప్పులకు పొడిపించుకునే ఇంజెక్షన్ల గురించి చెబుతున్నాను. వీటిలో కొన్నింటిలో స్టెరాయిడ్ కలుస్తుంది. అందుకే రెండో రోజుకే నొప్పి మాయమవుతుంది, ఆకలి పెరుగుతుంది, మనిషి ఒళ్లు చేసినట్టు కనిపిస్తాడు. లోపల మాత్రం కట్టే కణాలు, కనిపెట్టే ఆస్టియోసైట్లు రెండూ ముందుగానే చనిపోతుంటాయి. పేగుల నుంచి క్యాల్షియం ఒంటికి పట్టడం తగ్గుతుంది. ఎముక విరిగే ప్రమాదం మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే పెరుగుతుంది. ఆక్వా చెరువుల మీద కాపలా పనిచేసే ఒక నడివయస్కుడు ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట మీద ఊదారంగు చారలతో, బియ్యం బస్తా ఎత్తబోయి వెన్నులో కలుక్కుమందని వచ్చాడు. ఎక్స్‌రేలో రెండు వెన్నుపూసలు నలిగి ఉన్నాయి. ఆ వయసు మగవాడికి అలా జరగకూడదు. ఏం మందులు వాడుతున్నావని అడిగితే జేబులోంచి పొట్లం తీసి చూపించాడు. మీ తల్లిగారు కూడా మోకాళ్ల కోసం ఇటువంటివి ఏమైనా వాడారేమో నెమ్మదిగా, కోప్పడకుండా అడగండి. వాడుతూ ఉంటే ఒక్కసారిగా ఆపించవద్దు. వైద్యుడు కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపించాలి.

ఇక మోకాలికి వద్దాం. మృదులాస్థికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు. అందులో కాండ్రోసైట్లు అనే ఒకే రకం కణాలు, అవి కూడా చాలా తక్కువగా, దూరదూరంగా ఉంటాయి. మిగిలినదంతా కొల్లాజెన్ వల, దానిలో చిక్కుకున్న అగ్రికాన్ అనే నీటిని పట్టి ఉంచే పదార్థం, నీరు. బరువు పడినప్పుడు నీరు కొంత బయటికి వెళ్లి, బరువు తీసినప్పుడు కీలులోని ద్రవంతో పాటు పోషకాలు లోపలికి చేరతాయి. కాండ్రోసైట్లకు అన్నం అందే దారి అదొక్కటే. ఈ కారణం చేత కూడా నడక మాన్పించడం తప్పు.

కొల్లాజెన్ వల ఒకసారి తెగితే మళ్లీ అల్లుకోదు అనడానికి చక్కని రుజువు ఉంది. 1950, 60 దశకాల్లో జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 పెరిగి, ఆ తరువాత క్రమంగా తగ్గింది. అందువల్ల ఒంట్లోని ఏ కణజాలం ఏ సంవత్సరంలో తయారైందో దానిలోని కార్బన్-14ను బట్టి లెక్కకట్టవచ్చు. మోకాలి మృదులాస్థిని అలా పరీక్షిస్తే అందులోని కొల్లాజెన్ ఎదిగే వయసులో తయారై, ఆ తరువాత దాదాపు మారకుండానే ఉందని తేలింది. పదిహేను ఇరవై ఏళ్ల వయసులో ఏర్పడిన వలతోనే మనిషి జీవితాంతం నడవాలి. గుజ్జు పెరుగుతుందని చెప్పి అమ్మే పొడులు, మాత్రల విషయంలో నా నమ్మకం తక్కువ కావడానికి కారణం ఇదే.

ఇదంతా యంత్రభాగం రాపిడికి అరిగినట్టు జరిగే పని మాత్రం కాదు. కీలు మీద అతిగా గానీ వంకరగా గానీ బరువు పడినప్పుడు, పాత గాయం ఉన్నప్పుడు, ఒంట్లో కొవ్వు వల్ల వాపు రసాయనాలు ఎక్కువైనప్పుడు కాండ్రోసైట్లు తమ స్వభావాన్ని మార్చుకుంటాయి. కాపాడవలసిన కణాలే అగ్రికాన్‌ను నరికే అగ్రికనేజ్ ఎంజైములను, కొల్లాజెన్‌ను తెంచే ఎంఎంపీ-13 అనే ఎంజైమును తయారుచేయడం మొదలుపెడతాయి. ఊడిన ముక్కలు కీలు లోపలి పొరను రెచ్చగొడతాయి, ఆ పొర మరిన్ని వాపు రసాయనాలను విడుదల చేస్తుంది, కీలులో నీరు చేరుతుంది. కింది ఎముక గట్టిపడి అంచుల వెంట ముళ్లలా పెరుగుతుంది. మృదులాస్థికి నరాలు లేవు కాబట్టి మీ తల్లిగారికి తెలిసే నొప్పి ఆ పొర నుంచి, ఆ ఎముక నుంచి, బలహీనపడిన తొడ కండరం నుంచి వస్తున్నదే. ఎక్స్‌రే ఎంత చెడ్డగా ఉన్నా నొప్పిని తగ్గించుకునే అవకాశం ఉండడానికి కారణం అదే.

కీలు మార్పిడి ఆపరేషన్‌లో మోకాలు తెరిచినప్పుడు ఈ సంగతి కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. దొడ్డికాళ్ల మనిషిలో లోపలి వైపు మృదులాస్థి పూర్తిగా పోయి ఎముక నున్నగా మెరుస్తూ ఉంటుంది. రెండంగుళాల అవతల, అదే మోకాలి బయటి వైపు, మృదులాస్థి తెల్లగా, మందంగా, ఆరోగ్యంగా ఉంటుంది. ఆ రెండూ ఒకే వయసువి, ఒకే రక్తం ద్రవంగా మారి పోషించినవి. తేడా బరువు పడిన తీరులోనే ఉంది.

డిస్కుల కథ కూడా చాలా వరకు ఇదే. పెద్దవారి డిస్కులకు రక్తప్రసారం దాదాపు ఉండదు, పైన కింద ఉన్న పలకల గుండా ఊరే పోషకాలే ఆధారం, పొగతాగడం ఆ ఊటను దెబ్బతీస్తుంది.

ఒక ముఖ్యమైన మినహాయింపు చెప్పాలి. పొద్దున లేవగానే అరగంటకు మించి కీళ్లు పట్టేసినట్టు ఉండడం, వేళ్ల కణుపులు రెండు చేతుల్లోనూ వాయడం ఉంటే అది అరుగుదల కాదు, రుమటాయిడ్ కీళ్లవాతం అయివుండవచ్చు. అందులో కీలు పొరలోని కణాలే ర్యాంక్ లిగాండ్‌ను వదిలి ఆస్టియోక్లాస్టులను రప్పించి ఎముక అంచులను తినిపిస్తాయి. దానికి నేటికీ మూలస్తంభంగా ఉన్న మందు మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం మీద జరిగిన పరిశోధన నుంచే ఆ కోవ మందులు పుట్టాయి. అంతకు ముందు 1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ఇచ్చింది కూడా ఆయనే. మన డెల్టా బిడ్డ చేసిన పని మన డెల్టా తల్లుల కీళ్లను కాపాడుతున్నందుకు నాకు నిజంగా గర్వంగా ఉంటుంది. అయితే కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణాపాయం.

క్యాల్షియం విషయం. ఒంట్లోని క్యాల్షియంలో 99 శాతం ఎముకల్లోనే ఉంటుంది, రక్తంలో ఉండేది కొద్దిపాటి. ఆ కొద్దిపాటి తగ్గితే గుండె, నరాలు ఆగిపోతాయి కాబట్టి శరీరం ఎముకను కరిగించైనా రక్తంలో మట్టాన్ని నిలబెడుతుంది. అందుచేత రక్తపరీక్షలో క్యాల్షియం బాగుందంటే ఎముకలు బాగున్నాయని అర్థం కాదు. నెలసరి ఆగిన స్త్రీకి రోజుకు 1200 మి.గ్రా. కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు. మూడు పూటలా తెల్లన్నమే ప్రధానమైన మా డెల్టా భోజనంలో అన్నం నుంచి వచ్చేది దాదాపు శూన్యం. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మి.గ్రా., అన్నే పాలల్లో సుమారు 120 మి.గ్రా. ఉంటుంది. ముల్లుతో సహా తినే ఎండు నెత్తళ్లు, సీజనులో దొరికే చీరమేను, నువ్వులుండలు మంచివి. పెద్ద చేప ముక్కల్లో ముల్లు తీసేస్తాం కాబట్టి ఆ లాభం ఉండదు. ఆహారంతో చాలనంత మేరకే మాత్ర వేసుకోవాలి. విటమిన్ డి లేకపోతే తిన్న క్యాల్షియం ఒంటికి పట్టదు, పారాథైరాయిడ్ హార్మోను పెరిగి కూల్చే కణాలను ఉసిగొల్పుతుంది. అలాగని ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్లు వరసగా వేయించుకుని, రక్తంలో క్యాల్షియం విపరీతంగా పెరిగి, వాంతులతో మూత్రపిండాలు దెబ్బతినేదాకా వెళ్లినవారున్నారు. పరీక్ష చేయించి, చెప్పిన మోతాదులోనే వాడాలి.

ఎముక సాంద్రతను ఆరోగ్యవంతులైన యువతతో పోల్చి స్కాన్‌లో ఇచ్చే అంకె టి-స్కోర్. అది మైనస్ 2.5 లేదా అంతకంటే తక్కువ ఉంటే గుల్లబారినట్టు లెక్క. ఆ గీతను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో గీసింది. అటువంటప్పుడు క్యాల్షియంతో పాటు అసలు మందు కూడా కావాలి. వారానికొకసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర గానీ, ఏడాదికొకసారి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం గానీ కూల్చే కణాలను అణచివేస్తాయి. మాత్రను పరగడుపున నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకుండా ఉండాలి, లేకపోతే అన్నవాహిక పుండుపడుతుంది. రోజూ పొడుచుకునే టెరిపారటైడ్ కట్టే కణాలను ప్రోత్సహిస్తుంది, తీవ్రంగా గుల్లబారి విరిగినవారికి దాన్ని ఇస్తాం. డెనోసుమాబ్ అనేది ర్యాంక్ లిగాండ్‌ను నేరుగా పట్టేసే ఇంజెక్షన్, ఆరు నెలలకొకసారి. అది బాగా పనిచేస్తుంది గానీ, నొప్పి లేదు కదా అని దాన్ని మధ్యలో మానేస్తే అణిగి ఉన్న ఆస్టియోక్లాస్టులు ఒక్కసారిగా విజృంభించి వరసగా వెన్నుపూసలు నలిగిపోవచ్చు. ఆపవలసి వస్తే వెంటనే మరో మందు మొదలుపెట్టి ఆపాలి. క్రమం తప్పకుండా వచ్చే స్థితి లేనివారికి నేను దానిని మొదలుపెట్టను.

మోకాలికి మందుకంటే మిగతావే ముఖ్యం. తగ్గిన ప్రతి కిలో బరువుకు అడుగడుగునా మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని మోకాలు చాచి, తొడ కండరం బిగించి పట్టే వ్యాయామం రోజూ రెండు పూటలా చేయించండి. చదునైన నేల మీద, నొప్పి మరీ పెరగనంత దూరం నడిపించండి. కత్తిపీట ముందు గొంతుక్కూర్చోవడం, నేల మీది మరుగుదొడ్డి, ఎత్తైన అరుగుల మెట్లు మాన్పించండి. కూరగాయలు బల్ల మీద తరుక్కోవచ్చు. కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వాపు ఉన్నప్పుడు కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది, కానీ మూడు నెలలకొకసారి చొప్పున రెండేళ్లు ఇచ్చి చూసిన ఒక పరీక్షలో, 2017లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, ఉప్పునీరు ఎక్కించినవారి కంటే వారికి మృదులాస్థి ఎక్కువగా పలచబడింది. నొప్పిలో మాత్రం తేడా లేదు.

మీరు చేయవలసిన క్రమం ఇది. స్కాన్ రిపోర్టులో తుంటి, వెన్ను టి-స్కోర్లు విడివిడిగా చూడండి. విటమిన్ డి, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించండి. ఆమె ఎత్తు తగ్గినట్టు, వీపు గూనిబారినట్టు ఉంటే వెన్ను పక్కనుంచి తీసే ఎక్స్‌రే తప్పనిసరి. నలిగిన వెన్నుపూసల్లో చాలా భాగం మామూలు నడుము నొప్పిగానే దాటిపోతాయి. జోలెడ్రోనిక్ ఆమ్లం ఎక్కించమని వైద్యుడు చెబితే, పళ్లు పీకించుకునే పని ఏదైనా ఉంటే అది ముందుగా పూర్తిచేయించండి, విటమిన్ డి లోపం సరిచేసిన తరువాతే ఎక్కించండి. మొదటిసారి తరువాత రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు, దానికి పారాసెటమాల్ చాలు. ఇంట్లో స్నానాలగదికి పట్టుకునే కడ్డీ బిగించి, రాత్రి లేచే దారిలో దీపం ఉండేలా ఈ వారమే చూడండి.